బియ్యం అయిపోయాక వచ్చినవాళ్ళు

అందరికీ ప్రభువు పేరట వందనాలు. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకి వచ్చేయండి, ఈ వైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, బాబు ఏడిస్తే ఏడవనివ్వండి, బయటికి తీసుకెళ్ళక్కర్లేదు.

నేను పాస్టర్ని కాదు. 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం బంగారం మీద అప్పులిచ్చే కౌంటర్ దగ్గరే గడిచింది. అయ్యగారు ఫోన్ చేసి "కుటుంబాల కూడికలో తృప్తి గురించి ఒక అరగంట మాట్లాడండి" అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ కౌంటరే. జూన్ వచ్చిందంటే మా బ్రాంచిలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఒకవైపు స్కూలు ఫీజులవాళ్ళు, ఇంకోవైపు విత్తనాలకీ ఎరువులకీ వచ్చిన రైతులు. అప్రైజర్ గారు ప్రతి నగనీ గీటురాయి మీద ఒక గీత గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి రంగు చూసేవారు. గాజులు తీసి ఇచ్చిన ఆడవాళ్ళు, ఆయన తూకం వేస్తున్నంతసేపూ ఖాళీ అయిన మణికట్టుని రెండో చేత్తో రుద్దుకుంటూ నిలబడేవాళ్ళు. ఇన్నేళ్ళలో నేను చాలామందిలో చూశానది. వాళ్ళలో ఎవర్నీ బంగారం పిచ్చి ఉన్నవాళ్ళని నేను అనను. పిల్లాడి చదువు కోసం పసుపుతాడు మిగుల్చుకుని మిగతాదంతా బల్ల మీద పెట్టే తల్లికి ఆశ ఎక్కువని ఎవరంటారు?

నేను చెప్పాలనుకుంది అదే బ్రాంచిలో ఇంకో మూలనున్న లాకర్ గది గురించి. లాకర్‌కి రెండు తాళాలుంటాయి, ఒకటి బ్యాంకుది, ఒకటి మీది. మా తాళం తిప్పి మేం బయటికి వచ్చేస్తాం, తర్వాత మీ ఇష్టం. ఒక పెద్దావిడ ఉండేవారు, ఊరు చెప్పను, భర్త పోయారు, పిల్లలు దూరంగా ఉంటారు. నెలకి రెండుసార్లు వచ్చేవారు. పెట్టేది లేదు, తీసేది లేదు. ఒకసారి ఆవిడ చేతులు వణుకుతున్నాయని, లోపల పడిపోతారేమోనని నేను కటకటాల దగ్గరే నిలబడ్డాను. ఒక్కో డబ్బా మూత తీసి చూడటం, మళ్ళీ మూయటం. హారం, వడ్డాణం, కాసుల పేరు. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి, "అన్నీ ఉన్నాయి కదా బాబూ?" అన్నారు. అందులో ఏమేం ఉండాలో నాకేం తెలుసు? "ఉన్నాయమ్మా" అన్నాను. ఆవిడ మొహం కాస్త తేరుకుంది. రెండు వారాలకి మళ్ళీ వచ్చారు.

ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయం తీయండి. 10వ వచనం, "ద్రవ్యము నపేక్షించువాడు ద్రవ్యముచేత తృప్తినొందడు." ఇది మనందరికీ కంఠతా వచ్చు. ఆ కింది వచనం చూడండి. ఆస్తిపరుడికి తన ఆస్తివల్ల కన్నులార చూడటం తప్ప ప్రయోజనమేమిటి అని అడుగుతున్నాడు. కన్నులార చూడటం! ఆ లాకర్ గదిలో నేను చూసింది అదే కదా. ఈ మాట రాశాడని మనం చెప్పుకునే సొలొమోను రాజు, డబ్బు లేక అలా అన్నవాడు కాదు. ఆయనకి ఒక్క ఏడాదిలో వచ్చే బంగారం 666 తలాంతులని రాజుల గ్రంథంలో ఉంది, ఇప్పటి లెక్కలో 20 టన్నులు దాటుతుంది. గ్రాముల్లో తూచి బతికిన నాకు ఆ అంకె బుర్రకెక్కడానికే టైం పట్టింది. 20 టన్నులవాడు చెబుతున్నాడు, నిద్ర పట్టేది కష్టజీవికేనట, అతను కొద్దిగా తిన్నా ఎక్కువ తిన్నా సుఖంగా పడుకుంటాడట, ధనవంతుణ్ణి మాత్రం వాడి సమృద్ధే నిద్రపోనివ్వదట.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇవన్నీ చూసిన మనిషిని కాబట్టి నేను జాగ్రత్తగా ఉండి ఉంటానని మీరనుకోవచ్చు. లేదు. 2009లో ఈ ఊళ్ళోనే ఒక ఫ్లాటు బుక్ చేశాం. రెండేళ్ళలో ఇస్తానన్న బిల్డరు అయిదేళ్ళు తిప్పాడు. ఆ అయిదేళ్ళూ ఒక చేత్తో అద్దె, ఇంకో చేత్తో ఈఎంఐ. మా ఇంట్లో ప్రార్థన అంటే ఆ ఫ్లాటే, "ప్రభువా ఇల్లు, ప్రభువా ఇల్లు". 2014లో తాళాలు చేతికొచ్చాయి. గృహప్రవేశం ప్రార్థనకి నూట ఇరవై మందిని పిలిచాం, కింద సెల్లార్లో బిర్యానీ. అయ్యగారు చేతులు చాపి ఇంటిని ప్రతిష్ఠ చేస్తున్నారు, అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను కళ్ళు తెరిచి ఉన్నాను. హాల్లో కిటికీ కింద ఒక టైల్‌కి వెంట్రుకంత పగులుంది. దాన్నే చూస్తున్నాను. పదకొండు వందల చదరపు అడుగుల ఇల్లు అయిదేళ్ళు అడిగితే దేవుడిచ్చాడు, నా కన్ను మాత్రం ఆ రెండడుగుల టైల్ దగ్గర ఆగిపోయింది. ఆమేన్ అన్నాక లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాను, "నా గిన్నె నిండి పొర్లుచున్నది" అని కీర్తన చెప్పాను, అందరూ హల్లెలూయ అన్నారు. నాలుగో రోజుకల్లా శంకర్‌పల్లి వైపు ప్లాట్లు చూస్తున్నాను.

ఆ గృహప్రవేశానికి మా అమ్మ వచ్చింది. ఒంగోలు దగ్గర పల్లెటూరు మాది. ఇల్లంతా తిరిగి చూసింది, చాలా సంతోషపడింది, టైల్ సంగతి ఆమెకి కనపడనే లేదు. వంటింట్లోకి వెళ్ళి మా ఆవిణ్ణి అడిగింది, "బియ్యం సీసా ఎక్కడ పెట్టావమ్మా?" అని.

మీలో పెద్దవాళ్ళకి అర్థమైంది, చిన్నవాళ్ళకి చెప్పాలి. మన సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక అని ఉండేది, కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, కొలిచినదాంట్లోంచి ఒక పిడికెడు తీసి వేరే గిన్నెలోనో సీసాలోనో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి పోతుంది. మా ఇంట్లో హార్లిక్స్ సీసా ఉండేది, పొయ్యి పక్కన గూట్లో. డబ్బాలోంచి అదనంగా తీసి వేయడం కాదు, చూడండి, మేం తినాల్సిన దాంట్లోంచి తీయడం. రెండు సోలలు కొలిచే రోజుల్లోనూ తీసేది, ఒక్క సోలే ఉన్న రోజుల్లోనూ తీసేది. నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు అడిగాను, "మనకే చాలట్లేదు కదమ్మా" అని. ఆమె పిడికిలి సీసా మీద ఉంది, వేళ్ళ సందుల్లోంచి గింజలు జారుతున్నాయి. "ముందు ఆయనది తీసేస్తే మిగిలిందంతా మనది రా. ఇంక భయం ఉండదు" అంది. మాకు బియ్యం పెరగలేదు. అన్నం ఆ పూట తక్కువే. కానీ ఆమెలో భయం నేనెప్పుడూ చూడలేదు. అయిదు ఎకరాలున్న పక్కింటాయన వానమబ్బు చూసి ఒకలా, ఎండ చూసి ఒకలా ఉండేవాడు, ఆమె మాత్రం ఒకేలా ఉండేది. ఎక్కడి నుంచి వచ్చిందా నిబ్బరం? దాన్ని వెతుక్కుంటూ వెళితే నాకు ఒంగోలు కథ దొరికింది.

మనలో చాలామందిమి ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళమే. తాతల కథ మన పిల్లలకి తెలియదు, అందుకని కొంచెం నింపాదిగా చెప్పనివ్వండి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చుని దీన్ని మూసేద్దామా అని కూడా ఆలోచించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండెక్కి అయిదుగురు ప్రార్థన చేశారు. మిషనరీ జ్యూవెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగువాళ్ళు. ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నది దాన్నే. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య గారు బాప్తిస్మం తీసుకున్నారు. ఈయన మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసేవారు, వాడల్లో నలుగురూ మాట వినే పెద్దమనిషి. తిండికి లేక వచ్చినాయన కాదు. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చుకుంటూ దేవుణ్ణి వెతుకుతూ తిరిగారు. వ్యాపారం ఉన్నా, పలుకుబడి ఉన్నా ఆ వెతుకులాట ఆగలేదు, యేసయ్య దగ్గర ఆగింది. అదే ఏడాది ఇంకో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు.

1876లో వానలు పోయాయి. మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారే, అది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది పోయారు. కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్వకం జరుగుతుంటే, చిన్నతనంలో సర్వే పని చేసిన క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తనే తీసుకున్నారు. జనానికి పనీ కూలీ దొరికాయి. బోధకులే మేస్త్రీలు. పలుగూ పారా పక్కన పెట్టి కాసేపు కూర్చున్నప్పుడు వాళ్ళు వాక్యం చెప్పేవారు. ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి. తల మీద మట్టి తట్ట మోసేవాడికి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో మీరే ఆలోచించండి.

వాళ్ళు బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఎందుకంటే చేతిలో కూలీ ఉంది, వెనకాల సాయం ఉంది, వీళ్ళు యేసయ్య కోసం వస్తున్నారా, బియ్యం కోసం వస్తున్నారా ఎలా తెలుస్తుంది? ఇవాళ ఎవరైనా మనల్ని "మీ తాతలు బియ్యం కోసం మతం మారారు" అని అంటుంటారు, వినే ఉంటారు. నేను చాలాసార్లు విన్నాను, కోపం వచ్చేది, జవాబు తెలిసేది కాదు. జవాబు ఇది. 1878లో కరువు సాయం ఆగింది. ఇక పనుల్లేవు, ఇచ్చేదేమీ లేదు. అప్పుడు వచ్చారు. ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, జూలై 3న, ఒక్కరోజున 2,222 మంది ఆ ఏట్లో బాప్తిస్మం తీసుకున్నారు. ఒకేసారి ఇద్దరు బోధకులు నీళ్ళలో ఉండేవారు, వాళ్ళు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. దొరగారు ఒడ్డున ఉండి చూసుకున్నారు, ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు, ఇచ్చినవాళ్ళంతా తెలుగు బోధకులే. ఆ జనం ఏమన్నారో ఆయన తర్వాత రాసుకున్నారు. నా మాటల్లో దాని భావం చెబుతాను. మాకు మీ డబ్బు వద్దు, మా చేతులకున్న బొబ్బలు చూడండి, మేం పని చేసుకుని బతుకుతాం, మళ్ళీ పంట పోతే చచ్చిపోతాం, క్రైస్తవులుగా చావనివ్వండి.

మా ముత్తాత తండ్రి ఆ నీళ్ళలో దిగినవాళ్ళలో ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని రోజులవి. కడుపు నిండలేదు, పొలం రాలేదు, మర్నాడు మళ్ళీ అదే గుడిసె. కానీ తనకొక తండ్రి ఉన్నాడని, ఆ తండ్రి తన కొడుకు ప్రాణం పెట్టేంతగా తనను కోరుకున్నాడని ఆ మనిషికి తెలిసింది, అది చాలనిపించింది. మా అమ్మ పిడికిట్లో ఉన్నది ఆ తృప్తే. బియ్యం అయిపోయాక వచ్చినవాళ్ళ మనవరాలు కదా, బియ్యం తగ్గితే ఎందుకు భయపడుతుంది?

ఇక మన దగ్గరికి వద్దాం. మన కూడికల్లో సాక్ష్యాలు వినండి. ప్లాటు, వీసా, ప్రమోషన్, కారు. ఇచ్చినవాడు దేవుడే అని చెప్పుకోవడం మంచిది, చెప్పుకోవాలి, నేను కాదనడం లేదు. కానీ అదే వీసా కోసం అంతే ఉపవాసం ఉండి, రాని అక్క కూడా అదే వరుసలో కూర్చుని ఉంటుంది. ఆమె నోరు విప్పదు. తనకి సాక్ష్యం లేదని ఆమె అనుకుంటోంది, అలా అనుకునేలా మనమే చేశాం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. వస్తువు వస్తే దేవుడున్నాడు, రాకపోతే విశ్వాసం చాలలేదు అని మనం పిల్లలకి నేర్పుతున్నామంటే, గుండ్లకమ్మలో దిగినవాళ్ళకి తెలియని మతమేదో నేర్పుతున్నాం.

కారు అద్దాల మీద రాయించుకుంటాం చూడండి, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." ఫిలిప్పీ 4:13. నా కారు మీదా ఉంది. పైన రెండు వచనాలు చదవకుండా దాన్ని రాయించాను. అది రాసేటప్పుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. కడుపు నిండి ఉండటమూ, ఆకలిగొని ఉండటమూ, రెండూ నేర్చుకున్నానంటున్నాడు. ఆయన చేయగలిగిన "సమస్తము" అది. ఆకలిని కూడా ఆయనతో కలిసి దాటగలను అని. అక్కడ సంతృప్తి అని మనకున్న చోట గ్రీకులో ఉన్న మాట ఆ కాలపు స్తోయికులనే తత్వవేత్తలు బాగా వాడేవారు, ఎవరి మీదా ఆధారపడకుండా తనకు తాను చాలినవాడు అని. పౌలు ఆ మాటనే తీసుకుని, నేను చాలను, నన్ను బలపరిచేవాడు చాలును అన్నాడు. ఇంకోటి, "నేర్చుకొని యున్నాను" అన్నాడు. పౌలంతటివాడికి అది ఒక్క రాత్రిలో రాలేదు, నేర్చుకోవాల్సి వచ్చింది. నాకు ధైర్యమిచ్చే మాట అది.

మా అబ్బాయి డాలస్‌లో ఉండేవాడు. 2023లో ఉద్యోగం పోయింది. అక్కడ హెచ్1బీ వీసావాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు, ఆలోగా ఇంకోటి దొరకాలి, లేదా ఇంకో దారి చూసుకోవాలి, లేదా బయల్దేరాలి. మేం ఇక్కడ ఉపవాసాలు, వాళ్ళు అక్కడ ఇంటర్వ్యూలు. 50వ రోజు, 55వ రోజు, ఫోన్ మోగితే గుండె దడ. దొరకలేదు. కోడలు, నాలుగేళ్ళ మనవరాలు, ఏడు సూట్‌కేసులతో వచ్చేశారు. ఆదివారం గుడి బయట నన్ను ఒక్కొక్కరూ గొంతు తగ్గించి అడిగేవారు, ఎవరో పోయినట్టు. నా దగ్గర చెప్పడానికేం లేదు. నెలన్నరపాటు సాక్ష్యాల సమయానికి ముందే లేచి వెళ్ళిపోయేవాణ్ణి, ఇది నిజం.

ఇంట్లో రాత్రిపూట అందరం కలిసి ప్రార్థన చేసుకోవడం మళ్ళీ మొదలైంది, అన్నేళ్ళ తర్వాత. ఒక రోజు వంతు మా వాడిది. హబక్కూకు 3వ అధ్యాయం తీశాడు. "అంజూరపు చెట్లు పూయకుండినను" అని మొదలుపెట్టి ఒక్కొక్కటే చదువుతున్నాడు, ద్రాక్ష లేదు, ఒలీవ లేదు, చేలో పంట లేదు, దొడ్డిలో గొర్రె లేదు, సాలలో పశువు లేదు. అక్కడ ఆగిపోయాడు. మనవరాలు "డాడీ, తర్వాత?" అంది. తర్వాతి వచనం చదివాడు, "నేను యెహోవాయందు ఆనందించెదను." అంతే, ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అన్నాడు, "నాన్నా, రాత్రి నిద్ర పట్టింది. డాలస్‌లో నాలుగేళ్ళ నుంచి మాత్ర వేసుకుంటే గానీ పట్టేది కాదు, మీకు చెప్పలేదు" అని. నాలుగేళ్ళు! ఆ నాలుగేళ్ళూ నేను ఇక్కడ మైకు పట్టుకుని మా అబ్బాయి ఆశీర్వాదాల గురించి చెప్పాను.

ఇప్పుడు వాడికి ఇక్కడే ఉద్యోగం, అక్కడి జీతంలో మూడో వంతు కూడా రాదు. తర్వాత ఇంతకు రెండింతలు ఇచ్చాడు అని చెప్పడానికి ఏమీ లేదు. ఇచ్చింది నిద్ర, ఆ రాత్రి ప్రార్థన, ఆయన మా ఇంట్లో మా మధ్య కూర్చున్నాడన్న నమ్మకం. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అని హెబ్రీ పత్రికలో ఉంది కదా, ఆ మాటకి ముందు "మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి" అని ఉంది. రెండూ కలిపి చదవండి. ఉన్నదాంతో సరిపెట్టుకోమని ఉత్తినే అనలేదు, నేనున్నాను కాబట్టి అన్నాడు.

ఒక్క మాట, దయచేసి తప్పుగా తీసుకోకండి. ఇల్లు కట్టుకోవద్దని గానీ, అప్పుల్లో ఉన్నవాళ్ళకి విశ్వాసం లేదని గానీ నేను అనడం లేదు. ఆకలితో ఉన్నవాడికి తృప్తి గురించి ప్రసంగం చేయకూడదు, అన్నం పెట్టాలి. క్లౌ దొరగారు ముందు పని చూపించారు. మన సంఘంలో ఈ నెల ఫీజు కట్టలేని కుటుంబాలున్నాయి, అయ్యగారికి తెలుసు, కూడిక అయ్యాక ఆయన్ని ఒంటరిగా కలవండి. పదకొండు వందల అడుగుల ఇంట్లో కూర్చుని పగిలిన టైల్ చూసుకునే నాలాంటివాళ్ళకే నేను చెబుతున్నాను.

అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆవిడ ఆ రోజు అడిగిన సీసా మా వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన ఉంది. మనవరాలే రోజూ పిడికెడు వేస్తుంది, దాని పిడికిలి చిన్నది, రెండుసార్లు వేస్తానని గొడవ పెడుతుంది.

సరే, ఇప్పుడు సాక్ష్యాల సమయం. అయ్యగారిని ముందే అడిగి అనుమతి తీసుకున్నాను. ఇవాళ వచ్చినవాటి గురించి వద్దు. అడిగి, రాక, అయినా ఆయన దగ్గరే ఉండిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి. పెద్దగా మాట్లాడక్కర్లేదు, రెండు మాటలు చాలు. తొందరేం లేదు, మేం ఆగుతాం. ఆ వెనక, స్తంభం పక్కన, అక్క చెయ్యెత్తారు. తమ్ముడూ, మైకు అటు ఇవ్వు.